వంటావార్పులో నా విస్తరి

పంక్తిలో కూర్చున్న మనిషి అందరి భోజనాలూ అయ్యేదాకా లేవకూడదు. మా అత్తగారు నాకు నేర్పిన వాటిలో ఇదొకటి. మధ్యలో లేస్తే పక్కవాళ్ళ అన్నాన్ని అవమానించినట్టే అనేది. నేను నా పిల్లలకీ, వాళ్ళ పిల్లలకీ వీపు మీద చరిచి మరీ ఈ సంగతి నేర్పాను. మొన్న విజయనగరం వెళ్ళినప్పుడు ఆ మాట నాకే రెండుసార్లు అడ్డం వచ్చింది.

మా పెద్దమ్మాయి కూతురు అక్కడుంటుంది. చంటిబిడ్డ తల్లి. మొగుడు పోలీసు కానిస్టేబులు. ఊరి బయట గోనెసంచుల మిల్లు చెప్పాపెట్టకుండా గేటుకి తాళం వేసేసిందట. పనివాళ్ళంతా రోడ్డెక్కారు. రోజూ ఊరేగింపులూ, రాస్తారోకోలూ. అతనికి రాత్రీ పగలూ డ్యూటీలే. "బిడ్డకి జ్వరం అమ్మమ్మా, ఒక్కర్తినీ ఉన్నాను, రా" అని మనవరాలు ఫోను చేసింది. చేలో పండిన కందులు తిరగలిలో విసిరి, చెరిగి ఉంచిన పప్పు ఉంది. ఊళ్ళో కొనే పప్పు కంటే అదే నయమని ఒక సంచి నిండా కట్టి, ఆమదాలవలసలో పాసింజరు ఎక్కాను.

విజయనగరం స్టేషను బయట ఆటోవాడు మర్యాదగానే ఎక్కించుకున్నాడు. గంటస్తంభం దాటిన కాసేపటికి ఆపేశాడు.

"దిగిపో మామ్మా. ముందర రోడ్డు కట్టేసినారు."

"కంటోన్మెంటు దాకా మాటాడుకున్నాం గదా. సగం దారికి సగమే ఇస్తాను."

"రోడ్డు నేను కట్టినానేటి మామ్మా?"

"నానూ కట్టలేదు గదరా."

వాడు నవ్వి, ఇచ్చింది పుచ్చుకుని వెళ్ళిపోయాడు. నేను గెలిచాననుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ ఊళ్ళో నాకు దారే తెలియదని. మనవరాలి పెళ్ళికి వచ్చాను, పురిటికి వచ్చాను. రెండుసార్లూ బండి ఎక్కించారు, దింపారు. ఇప్పుడు చూస్తే ఎటు చూసినా ఇనప కంచెలు, సగం దించిన షట్టర్లు. దారి అడిగితే ఒకరు తూర్పు చూపిస్తే ఒకరు పడమర చూపించారు. అందరి మాటకీ చివర ఒకటే తోక, "రోడ్డు తెరిస్తే మటుకు ఇటే మామ్మా." సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ మూడు లాంతర్ల దాకా నడిచాను. అక్కడ పోపు వాసన వచ్చింది.

షామియానా వేసి ఉంది. రోడ్డు పక్కన రాళ్ళ పొయ్యిల మీద పెద్ద పెద్ద గుండిగలు. నేల మీద అడ్డాకు విస్తళ్ళు పరిచి ఆడవాళ్ళు వరసగా కూర్చుంటున్నారు. పక్కనే అమ్మవారి కోవెల. ఇంకేం కావాలి? సంతర్పణ అనుకున్నాను. పొద్దున్న చద్దన్నం తిని బయలుదేరాను. దొరికిన అన్నాన్ని కాదనడం నా ఒంట్లో లేదు. కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, కోవెల వైపు దండం పెట్టి, వరస చివర కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఒకామె వచ్చి అన్నం పెట్టి, పప్పు పోసింది. మా చిన్నమ్మాయి వయసుంటుంది. సన్నగా, గట్టిగా ఉంది. నేను ఆమె మొహం కంటే ముందు చేతులు చూశాను. వేళ్ళ సందుల్లో సన్నటి పగుళ్ళు. గోగునార పట్టిన చేతులవి. మా కాలంలో గోగుకట్టలు చెరువులో నానేసి, కుళ్ళిన వాసనలో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నార తీసేవాళ్ళం. ఆ పగుళ్ళు నా చేతికీ ఉన్నాయి.

పప్పు మటుకు బాగులేదు. విస్తరి మీంచి జారిపోతోంది.

"ఏటే ఇది, పప్పా, కుడితా? అమ్మోరి పేరు సెప్పి ఇంత పీనాసితనమేటి?" అన్నాను.

వరసంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. వడ్డించే ఆమె గరిటె పట్టుకునే నడుం మీద చెయ్యి వేసుకుని నవ్వింది.

"ఇది అమ్మోరి సంతర్పణ కాదు మామ్మా. వంటావార్పు. మిల్లు గేటు మూసీసినారని రోడ్డు మీదే వండుకుని తింటన్నాం."

"మరి నన్నెందుకు కూకోబెట్టినారు?"

"నువ్వే కూకున్నావు గదా."

"పప్పులో నీల్లెక్కువ, మాలో కోపం ఎక్కువ. కలిపి తినెయ్యి మామ్మా," అంది వరసలో ఇంకొకామె. మళ్ళీ నవ్వులు.

అప్పుడే లేచిపోదామనుకున్నాను. పనుల్లేక, ఇంటింటి నుంచీ పిడికెడు పిడికెడు బియ్యం తెచ్చి వండుకుంటున్నారట. ఆ అన్నం నాకెందుకు? కానీ పంక్తి మధ్యలో ఎలా లేస్తాను? తిన్నాను. రెండోసారి అన్నం పెట్టినా వద్దనలేదు. తొడకి ఆనుకుని సంచిలో కందిపప్పు ఉంది. అందులో సగం ఆ గుండిగలో పోస్తే పప్పు గరిటెకి అంటుకునేది. సంచి మూతి ముడి మీదకి నా చెయ్యి వెళ్ళింది కూడా. మనవరాలి కోసం తెచ్చింది కదా అనుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

తినేటప్పుడే వాళ్ళు మర్నాటి సంగతి మాట్లాడుకున్నారు. మర్నాడు సోమవారం. కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజు. గుంపుగా వెళ్తే పోలీసులు మధ్యలోనే ఆపేస్తున్నారట. అందుకని కూరల సంచులు పట్టుకుని, బజారుకి వెళ్తున్నట్టు ఇద్దరిద్దరు చొప్పున మార్కెట్టు వెనక సందులోంచి వెళ్ళాలనీ, అందరూ ఒక్కసారి ఆఫీసు గేటు ముందు తేలాలనీ వాళ్ళ ఎత్తు. కలెక్టరు చేతికి అర్జీ అందితే చాలు, మిల్లువాళ్ళని పిలిపించక తప్పదు అనుకుంటున్నారు. వాళ్ళ పెద్ద, లావుపాటి మనిషి, జుట్టు నెరిసింది, ఒకసారి నా వైపు చూసి గొంతు తగ్గించింది. వడ్డించే ఆమె "పోనీలేవే, ఊరి నుంచి వచ్చిన ముసలమ్మ. మన అన్నమే తింటన్నాది" అంది.

చేతులు కడుక్కున్నాక ఆమే నా సంచి అందుకుంది.

"ఎక్కడికెల్లాల మామ్మా?"

"కంటోన్మెంటు వైపు."

పోలీసు క్వార్టర్లు అని చెప్పలేదు. అంత అన్నం తిన్నాక ఆ మాట నోట్లోంచి రాలేదు.

నన్ను కోట వెనక నుంచి సందుల్లో తీసుకెళ్ళింది. ఒక సందులో ఇస్త్రీ బండి, ఒక సందులో మేకలు, ఒకచోట ఎవరి పెరట్లోంచో దాటించింది. "ఇల్లుగలాయన మా బావే, ఏటీ అనుకోడు" అంది. దారి పొడుగునా కబుర్లే. మాకు గోగు వేసిన భూమి ఉండేదని చెబితే, "ఐతే మీరు తీసిన నార మా చేతుల్లోంచే పోయి ఉంటాది మామ్మా" అంది. ఆ మాటకి నాకు సంతోషం వేసింది. మాది ఇప్పుడు గోగు కాదు, జీడిమామిడీ కందులూ అని మటుకు చెప్పలేదు.

క్వార్టర్ల గేటు దగ్గర ఆమె ఆగిపోయింది. లోపల ఆరేసిన ఖాకీ బట్టలు కనిపిస్తూనే ఉన్నాయి.

"మీవోడు పోలీసా?"

"మనవరాలి మొగుడు."

"ముందే సెప్పొచ్చు గదా."

"సెప్తే తీసుకొచ్చేదానివా?"

"తీసుకొచ్చేదాన్నే," అంది. సంచి నా చేతికిచ్చింది. కాసేపు నా మొహంలోకి చూసింది. ఏమీ అడగలేదు, ఏమీ చెప్పొద్దని కూడా అనలేదు. గేటు ఎదుట కొట్టు దగ్గర టీ తాగుతున్న మనిషి ఒకడు మా ఇద్దర్నీ చూస్తున్నాడు. అప్పుడు నేను పట్టించుకోలేదు.

చీకటి పడ్డాక మనవరాలి మొగుడు వచ్చాడు. బూట్లు విప్పితే పాదాలు వాచిపోయి ఉన్నాయి. మంచివాడే. కాకపోతే మాట తక్కువ. పెళ్ళయినప్పటి నుంచీ నాతో "బాగున్నారా", "వెళ్ళొస్తాను" తప్ప ఇంకో ముక్క మాట్లాడి ఎరగడు. అన్నం తింటూంటే వాణ్ణి నవ్వించాలనిపించింది. సంతర్పణ అనుకుని కూర్చోవడం, కుడితి అనడం, అందరూ నవ్వడం అన్నీ చెప్పాను. నవ్వాడు. నిజంగా నవ్వాడు. ఆ ఊపులో కూరల సంచుల సంగతి కూడా చెప్పేశాను. "ఆడోల్ల తెలివి సూడు బావూ, వంకాయలు కొన్నట్టు ఎల్లి కలెక్టరు ముందర తేల్తారట."

నవ్వు ఆపాడు. "ఏ సందు?" అన్నాడు.

ఆ క్షణంలో నాకు తెలిసింది. తెలియలేదని ఎవరికైనా చెప్పుకోవచ్చు, చదువు లేని ముసలిదాన్ని, నాకేం తెలుసు అని. కానీ తెలిసింది. మజ్జిగ గిన్నె పట్టుకున్న మనవరాలు అలాగే ఆగిపోయింది. నేను నోరు మూసుకోవాలి. మనవడి వరసవాడు మొదటిసారి నా మాట శ్రద్ధగా విని, ఎదురు ప్రశ్న వేశాడు. పెద్దదాన్ని, జవాబు లేకుండా ఎలా ఉంటాను అనిపించింది. "మార్కెట్టు ఎనక సందు" అన్నాను.

చెయ్యి కడుక్కుని ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే బిడ్డని మనవరాలికి అప్పగించి, కూరలు తెస్తానని బయలుదేరాను. గుమ్మంలోకి బండి వస్తుంది. మార్కెట్టులో చవకని చెప్పాను. అబద్ధం కాదు, చవకే. కానీ నా కాళ్ళు చవక కోసం వెళ్ళలేదు. ముందు రోజు ఆమె చూపించిన సందుల్లోంచే నడిచాను.

అప్పటికే అయిపోయింది. సందుకి రెండు చివర్లా పోలీసులు. ఆడపోలీసులు ఒక్కొక్కర్నీ రెక్క పట్టుకుని వ్యాను దగ్గరికి తీసుకొస్తున్నారు. ఖాళీ సంచులైతే అనుమానం వస్తుందని ఎవరో నిజంగానే వంకాయలు కొన్నట్టున్నారు. అవి నేల మీద దొర్లుతున్నాయి. అర్జీ కాయితం నెరిసిన జుట్టావిడ జాకెట్లోనే ఉండిపోయింది. నేను ఉల్లిపాయల బండి వెనక నిలబడ్డాను.

పోలీసులు ఒక్క మాటా పడలేదు. మాటలన్నీ ఆమె పడుతోంది, నాకు అన్నం పెట్టిన ఆమె.

"నిన్న సాయంకాలం పోలీసు క్వార్టర్ల గేటు కాడ నిలబడ్డావంట! మా మరిది సూసినాడు."

"మామ్మని దింపడానికెల్లినానే."

"ఆ మామ్మది పోలీసోల ఇల్లని నీకు ఎరికేనా?"

"గేటు కాడికెల్లేక ఎరికయింది."

"మరి రాత్రి మాకు సెప్పలేదేటి?"

"మన అన్నం తిన్న మనిషి గదా, సెప్పదనుకున్నాను."

"ఎంత సక్కగా కతలు సెప్తన్నావే! ముసలమ్మ మీద తోసీసి నువ్వు తప్పుకుంటన్నావు. నువ్వే అమ్మీసినావు మమ్మల్ని!"

ఆ మాట అన్నది ముందు రోజు పప్పులో కోపం కలిపి తినమన్న ఆమె. వ్యాను ఎక్కాక ఎవరూ ఆమె పక్కన కూర్చోలేదు. ఆమె తలుపు దగ్గర కింద కూర్చుంది. పోలీసుల వైపు చూడలేదు, తన వాళ్ళ వైపు చూసింది.

నాకు నాలుగడుగుల దూరంలో జరిగిందిదంతా. "నానే సెప్పినాను" అంటే సరిపోయేది. మూడు ముక్కలు కూడా కాదు. పంక్తిలో పిల్లాడు అన్నం పారేస్తే చెయ్యెత్తే మనిషిని నేను. ఊళ్ళో నా నోటికి భయపడని వాళ్ళు లేరు. కొంగు తల మీదుగా మొహం మీదకి లాక్కుని, వ్యాను కదిలేదాకా ఉల్లిపాయలు ఏరుతూ నిలబడ్డాను. బండివాడు "తీసుకో మామ్మా, ఎంత సేపు ఏరతావు" అంటే తీసుకున్నాను. బేరం ఆడలేదు.

సాయంత్రానికి అందర్నీ వదిలేశారని మనవరాలి మొగుడు చెప్పాడు. ఆ తర్వాత, నేను అడక్కుండానే, "మీరు చెప్పకపోయినా మాకు ఎలాగూ తెలిసేది అమ్మమ్మగారూ" అన్నాడు. నా మనసు తేలిక చెయ్యాలని అన్నాడని తెలుసు. తెలిసేదో, తెలియదో. నేను చెప్పాను, అంతే.

నేను రేపు ఆ షామియానా దగ్గరికి వెళ్తానని మనవరాలితో వంటింట్లో చెప్పాను.

"నీకు పిచ్చేటి అమ్మమ్మా? నువ్వు ఊరెల్లిపోతావు. ఈ ఊల్లో ఉండాల్సింది మేము. ఆయన ఆల్ల ఎదురుగానే డ్యూటీ సేస్తన్నారు. ఆల్ల ముందు ఆయన మొకం ఏటవ్వాల?"

"ఆ పిల్ల కూడా ఈ ఊల్లోనే ఉండాలే."

"ఎవరా పిల్ల? నీకేటవుతాది?"

ఏమవుతుంది? ఏమీ కాదు. అన్నం పెట్టింది. మిల్లు ఇవాళ కాకపోతే రేపు తెరుస్తారు. తెరిచాక ఆ మగ్గాల దగ్గర వీళ్ళంతా మళ్ళీ పక్కపక్కన నిలబడాలి. అందర్నీ అమ్మేసిందన్న పేరుతో ఆమె అక్కడ ఎలా నిలబడుతుంది? పైకి మటుకు "ముందు బిడ్డకి మందు పట్టు" అని కసిరాను.

మర్నాడు ముడి విప్పని ఆ కందిపప్పు సంచి తీసుకుని బయలుదేరాను. మనవరాలు చూసింది, ఆపలేదు. ఆ రోజు కోట వైపు సందులు కూడా మూసేశారు. పెద్ద చెరువు గట్టు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాల్సి వచ్చింది. ఎండ. ఎవర్నీ దారి అడగలేదు, అడగాలనిపించలేదు. ఆ చుట్టు నాకు తగినదే అనిపించింది. ఎక్కడైనా దారి తప్పిపోతే బాగుండునని కూడా అనిపించింది. ఆ ఆలోచనకి నన్ను నేనే తిట్టుకున్నాను.

షామియానా కింద వంట జరుగుతోంది. నాకు అన్నం పెట్టినామె పొయ్యి దగ్గర లేదు. రోడ్డుకి అవతల, మూసిన కొట్టు మెట్టు మీద ఒక్కర్తీ కూర్చుంది. రావొద్దని ఎవరూ అనలేదట, రమ్మనీ అనలేదట. ఇటు చూస్తే కంచె పక్కన నీడలో పోలీసులు. అందులో మా మనవరాలి మొగుడు ఒకడు. నన్ను చూశాడు. తల పక్కకి తిప్పుకున్నాడు.

నేను నెరిసిన జుట్టావిడ ముందుకి వెళ్ళి నిలబడ్డాను. గట్టిగానే చెప్పాను, అవతలి మెట్టు దాకా వినిపించాలని.

"ఆ పిల్ల ఎవరికీ ఏటీ సెప్పలేదు. నాను సెప్పినాను. ఇంట్లో అన్నం కాడ కూకుని, మీ సందు, మీ సంచులు, అన్నీ నా నోటితో సెప్పినాను. నిన్న మీరు ఆ పిల్లని తిడతంటే ఉల్లిపాయల బండి ఎనక దాక్కున్నాను."

గరిటెల చప్పుడు ఆగింది.

"ఎవరికి సెప్పినావు?" అంది పెద్దావిడ.

"మనవరాలి మొగుడికి."

"ఆడు అడిగినాడా, నువ్వే సెప్పినావా?"

"నానే సెప్పినాను. సందు ఆడు అడిగినాడు. అదీ సెప్పినాను."

పప్పులో కోపం కలిపినామె మొదట తేరుకుంది. "ఇంకేం సెప్పినావు మామ్మా? పప్పు నీల్లగా ఉన్నాదని కూడా సెప్పినావా? దానికి కూడా కేసు పెడతారేటో!" ఒకరిద్దరు నవ్వారు. మొదటి రోజు నవ్వుల్లాంటివి కావవి. ఆ ఎగతాళి చేసిన మనిషే కాసేపటికి తల దించుకుని, రోడ్డు దాటి అవతలి మెట్టు దగ్గరికి వెళ్ళింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. చాలాసేపు మెట్టు మీదామె కదల్లేదు. ఈమె చెయ్యి పట్టుకుంటే విదిలించింది. మళ్ళీ పట్టుకుంది. చివరికి లేచి వచ్చింది. నా పక్క నుంచే వెళ్ళి, కొంగు నడుముకి దోపుకుని, పొయ్యిలో కట్టె ఎగదోసింది.

నేను సంచి ముడి విప్పి పెద్దావిడ ముందు పెట్టాను. "మొన్ననే ఇవ్వాల్సింది. నా సంచిలోనే ఉన్నాది."

ఆవిడ పప్పు చేతిలోకి తీసుకుని చూసింది. "తిరగల్లో ఇసిరినదా?" అంది. ఔనన్నాను. నీళ్ళు మరుగుతున్న గుండిగలో పోయించింది. నన్ను పొమ్మనలేదు. "ఎండలో వచ్చినావు, కూకో" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతులో ప్రేమా లేదు, కోపమూ లేదు. వద్దందామనుకున్నాను. అయినా కూర్చున్నాను. తప్పించుకుని పోవడం అంతకు ముందు రోజే చేశాను.

విస్తళ్ళు వేశారు. నా ముందు కూడా ఒకటి పడింది. నీళ్ళు చిలకరించుకున్నాను. అన్నం బేసిను పట్టుకుని ఆమే వచ్చింది. వరస మొదటి నుంచీ ఒక్కొక్క విస్తరిలో పెట్టుకుంటూ వస్తోంది. నా ముందు ఆగింది. అన్నం ఆవిరి నా మొహానికి తగిలింది. నా విస్తరి వైపు చూసింది, నా వైపు చూసింది. గరిటె బేసిన్లోంచి పైకి లేవలేదు. పక్క విస్తరికి వెళ్ళిపోయింది.

నా పక్కన కూర్చున్న చిన్నపిల్ల, "అక్కా, మామ్మకి మరిసిపోయినావు" అంది.

"మరిసిపోలేదు," అంది ఆమె వెనక్కి తిరక్కుండా.

పప్పు పట్టుకుని వచ్చినామె నా ముందు ఒక్క క్షణం తడబడింది. అన్నం లేని విస్తరిలో పప్పు ఎక్కడ పోస్తుంది? ఆమె కూడా దాటి వెళ్ళింది. ఆ రోజు పప్పు చిక్కగా ఉంది. గరిటె వంచితే ముద్దగా పడుతోంది. మా చేని వాసన నాకు తెలుసు.

ఎవరూ నా వైపు చూడకుండా తిన్నారు. కంచె దగ్గర నుంచి మా మనవరాలి మొగుడు చూస్తున్నాడు. లేచి వచ్చెయ్యమన్నట్టు ఒకసారి తల ఊపాడు. నేను లేవలేదు. పంక్తి మధ్యలో ఎలా లేస్తాను? ఒళ్ళో చేతులు పెట్టుకుని, ముందున్న ఆకు ఈనెల వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ చిన్నపిల్ల అన్నం మెల్లగా తింటోంది. ఆఖరి ముద్ద ఆ పిల్ల నోట్లోకి వెళ్ళేదాకా ఉన్నాను.

అందరూ లేచాక నేనూ లేచాను. ఖాళీ విస్తరి మడిచి, ఎంగిలాకుల కుప్పలో వేశాను. చెయ్యి కడుక్కోవలసిన పని లేదు. అయినా అందరితో పాటు కుళాయి దగ్గర వరసలో నిలబడి, నా వంతు వచ్చాక కడుక్కున్నాను.